మారాలనుకునే మనిషి పక్కన ఉండేవాళ్ళకి కూడా నాలుగు మాటలు రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఆదివారం పూట చెడ్డ అలవాట్లు ఎట్లా మానుకోవాలి, కోపం ఎట్లా తగ్గించుకోవాలి, భార్యాభర్తలు గొడవల్లేకుండా ఎట్లా ఉండాలి అని తరచుగా వేస్తుంటారు, నేను వదలకుండా చదువుతాను, చాలావరకు పనికొచ్చే మాటలే ఉంటాయి. కానీ ఒక లోటు చాన్నాళ్ళ నుంచి కనిపిస్తోంది, అది చెప్దామనే ఈ ఉత్తరం. రాసేదంతా మారాల్సిన మనిషి కోసమే రాస్తారు, నువ్వు పొద్దున్నే లేవాలి, నువ్వు ఫోన్ పక్కన పెట్టాలి, నువ్వు గట్టిగా అనుకోవాలి అని. ఆ మనిషితో ఒకే ఇంట్లో ఉండే భార్య, భర్త, అమ్మ, అత్తగారు, పెద్ద పిల్లలు, వీళ్ళు ఏం చేయాలి, ముఖ్యంగా ఏం అనకూడదు అన్నది మాత్రం ఎవరూ రాయరు. నేను చూసినంతలో మంచి బుద్ధితో మొదలుపెట్టినవాళ్ళు చాలామంది ఆగిపోయేది సరిగ్గా అక్కడే.

నేను మల్కాజిగిరిలో ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతాను. మా దగ్గర కరెంటు మిషన్లు, వేడి ప్యాకులు ఇవన్నీ కనిపిస్తాయి కాబట్టి వాటితోనే తగ్గుతుందని జనం అనుకుంటారు గానీ అసలు నయం చేసేది ఇంటి దగ్గర రోజూ చేసుకునే ఎక్సర్‌సైజులే. అంటే ఒకరకంగా మేం పొద్దున్నుంచి రాత్రిదాకా చేసే పని మనుషులకి ఒక కొత్త అలవాటు అంటించడమే. ఎవరికి అంటుకుంటుంది ఎవరికి అంటుకోదు అన్నది చూస్తూ చూస్తూ నాకు అర్థమైంది ఏంటంటే, మనిషి పట్టుదల కన్నా ఇంట్లో వాతావరణం తేడా ఎక్కువ.

ఒక పెద్దాయన సంగతి చెప్తాను. షుగర్ ఉంది, కుడి భుజం పట్టేసింది, చొక్కా వేసుకోవాలంటే ప్రాణం పోతోంది. ఫ్రోజెన్ షోల్డర్ అంటాం దాన్ని, 40 నుంచి 60 ఏళ్ళ మధ్య వాళ్ళలో ఎక్కువ, షుగర్ ఉంటే ఇంకా ఎక్కువ, తగ్గడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా దాటుతుంది. దీనికి మేం చెప్పే ఎక్సర్‌సైజుల్లో ఒకటి గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో మెల్లగా చెయ్యిని పైకి పాకించడం, ఎక్కడిదాకా వెళ్తే అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోమంటాం, రోజురోజుకీ గీత పైకి జరుగుతుంటే మనిషికి హుషారు వస్తుందని. ఒకరోజు గీత ఎక్కడిదాకా వచ్చింది సార్ అని అడిగితే ఐదో టైలు దాటింది అన్నారు. టైలు ఏంటి సార్, హాల్లో గోడకి కదా చేయమన్నాను అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, హాల్లో చేస్తుంటే పిల్లలు నాన్న బల్లిలా గోడెక్కుతున్నాడని నవ్వుతున్నారట, కొత్తగా వేయించిన పెయింటు మీద గీతలేంటని భార్య కసురుకుందట, పైగా ఎవరైనా చుట్టాలు వస్తే వాళ్ళ ముందు కూడా అదే ముచ్చట. అందుకని ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు బాత్రూం తలుపు గడియ పెట్టుకుని, తడి టైల్స్ మీద, ఎవరికీ తెలియకుండా చేసుకుంటున్నారు.

తన భుజం బాగుచేసుకోవడానికి ఒక ఇంటి పెద్ద దొంగచాటుగా గడియ పెట్టుకోవాల్సి వచ్చింది చూడండి, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసులో అలాగే ఉండిపోయింది. ఆ భార్య చెడ్డావిడ అనుకుంటారేమో, అస్సలు కాదు. షుగర్ అని ఆయనకి రాత్రిళ్ళు జొన్న రొట్టె చేసిపెడుతుంది, మందుల డబ్బాలో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని అరలు సర్దిపెడుతుంది, క్లినిక్‌కి రోజూ ఆటోలో వెంట వస్తుంది. నవ్వితే ఆయన ఆగిపోతాడు అన్న సంగతి ఆమెకి ఎవరూ చెప్పలేదు, అంతే. నేను ఆమెని కూర్చోబెట్టి రోజూ సాయంత్రం గీత ఎక్కడిదాకా వచ్చిందో మీరే చూసి తేదీ వేయండమ్మా అన్నాను. తర్వాత పెన్సిల్ ఆమె చేతిలోకి వచ్చింది, ఆయన హాల్లోకి వచ్చారు.

ఇది భుజం సంగతే అయితే పేపర్‌కి రాసేదాన్ని కాదు. మా టేబుల్ మీద ప్యాడ్స్ పెట్టి పడుకోబెట్టాక పదిహేను ఇరవై నిమిషాలు పేషెంటుకి వేరే పనుండదు, ఫోన్ కూడా చేతిలో ఉండదు, ఇంట్లో విషయాలు అవే బయటికొస్తాయి. సిగరెట్ మానేద్దామనుకున్నవాళ్ళు, మందు తగ్గిద్దామనుకున్నవాళ్ళు, పిల్లల మీద అరవకూడదని ఒట్టేసుకున్న తల్లులు, రాత్రి అన్నం తినేటప్పుడు ఫోన్ చూడొద్దనుకున్న సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, అన్ని రకాల వాళ్ళూ వస్తారు. వీళ్ళందరూ ఇంట్లో విన్న మాటలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. "ఇగ చూడాలె, ఎన్ని రోజులుంటదో ఈ ముచ్చట." "ఏంది ఇయ్యాల సూర్యుడు పడమర పొడిచిండా?" "మొన్న గంతెత్తున లేసినవ్, ఇయ్యాల సాధువైనవా?" "ఈ తెలివి పదేళ్ళ కింద ఉంటే మన బతుకు ఇట్లెందుకుండు." అనేవాళ్ళకి ఇవి చిన్న మాటలు. మొదటి వారంలో ఉన్న మనిషికి మాత్రం చాలా పెద్దవి, ఎందుకంటే అప్పటికి వాడికి తన మీద తనకే నమ్మకం పూర్తిగా లేదు, అది ఉందా లేదా అని ఇంట్లోవాళ్ళ ముఖాల్లో వెతుక్కుంటున్నాడు.

ఎందుకంటారో కూడా నాకు తెలుసు. చాలాసార్లు నమ్మి దెబ్బతిన్నవాళ్ళు వీళ్ళు. ఉగాదికి మానేస్తానన్నాడు, జనవరి ఒకటికి మానేస్తానన్నాడు, అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు నలభై రోజులు నిజంగానే మానేశాడు, మాల తీసిన సాయంత్రమే వైన్స్ ముందు కనిపించాడు. మళ్ళీ ఆశపడి మళ్ళీ ఏడవడం ఎందుకని ముందే నవ్వేస్తారు, మనసు కాపాడుకునే పద్ధతి అది. దానికి తోడు మన సామెతలు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు, మొక్కై వంగనిది మానై వంగునా, కుక్క తోక వంకర, ఇవన్నీ చిన్నప్పటి నుంచి విని విని మనిషి మారడు అన్నదే లోకజ్ఞానం అయిపోయింది మనకి. నేను చెప్పేది మనుషులు మారుతారని, రోజూ నా కళ్ళ ముందు మారుతున్నారని, కాకపోతే మనం అనుకున్నంత తొందరగా మారరు.

ఈ తొందర దగ్గరే మీ పేజీతో నాకు చిన్న పేచీ. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని చాలాసార్లు వేశారు. ఆ 21 ఎక్కడిదంటే, 1960లో అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లు ఆపరేషన్ తర్వాత అద్దంలో కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. కనీసం అన్న మాట దార్లో ఎక్కడో రాలిపోయింది, ముఖం కాస్తా అన్ని అలవాట్లూ అయిపోయింది. దీన్ని నిజంగా కొలిచి చూసింది లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు, 2009లో వచ్చింది ఆ స్టడీ, ఫిలిప్పా లాలీ అనే ఆవిడ టీము 96 మందితో చేశారు. భోజనంతో ఒక పండు తినడం, పొద్దున ఒక గ్లాసు నీళ్ళు తాగడం, కాసేపు ఎక్సర్‌సైజ్ ఇట్లాంటివే తీసుకున్నారు. ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి మధ్యరకంగా 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులే, ఇంకొందరి లెక్క 254 దాకా పోయింది. నీళ్ళు తాగడంలాంటివి తొందరగా అంటుకున్నాయి, ఎక్సర్‌సైజ్ ఆలస్యమైంది. ఇంకొకటి కూడా తేలింది, అది నాకు అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద తేడా ఏం రాలేదు.

ఇది ఇంట్లోవాళ్ళకి తెలియాలి. వాళ్ళకి తెలిసింది 21 కాబట్టి ఇరవై రెండో రోజు మనిషి తడబడితే అయిపోయింది, నేను ముందే చెప్పలేదా అంటారు. ఒక రోజు తప్పితే చాలు, నిన్న ఏమైంది మరి అని నిలదీస్తారు, వాడు కూడా సరే ఎలాగూ పోయింది కదా అని మొత్తం వదిలేస్తాడు. ఆ తప్పిన మర్నాడు ఇంట్లో ఏ మాట వినిపిస్తుందన్నదాని మీద చాలా ఉంటుంది. మా పేషెంట్ల ఇళ్ళల్లోవాళ్ళకి నేను చెప్పేది, తప్పిన రోజు గురించి అస్సలు అడక్కండి, ఇవాళ ఎన్నింటికి చేస్తావు అని మాత్రం అడగండి అని.

వెటకారం ఎంత చెడ్డదో చెప్పడానికి నా అనుభవం ఒక్కటే సరిపోదు కాబట్టి ఇంకొకటి చెప్తాను. సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీలో జాన్ గాట్‌మన్ అనే సైకాలజిస్టు కొన్ని దశాబ్దాలపాటు భార్యాభర్తల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, వాళ్ళ మధ్య తేలని విషయం మీద మాట్లాడుకోమని, గుండె వేగం కూడా కొలుస్తూ వీడియో తీశాడు. కాపురాన్ని పాడుచేసేవి నాలుగు అని తేల్చాడు, మనిషి గుణాన్నే తప్పుపట్టడం, చిన్నచూపు చూడటం, ఏం చెప్పినా నా తప్పేం లేదని ఎదురు వాదించడం, మాటలు బంద్ చేసి గోడలా కూర్చోవడం. నాలుగింట్లో విడాకులదాకా తీసుకెళ్ళేదానిలో ముందుండేది చిన్నచూపు అన్నాడు, అంటే మూతి తిప్పడం, కళ్ళు పైకెత్తడం, మనిషిని వెక్కిరించి మాట్లాడటం. మన ఇళ్ళల్లో కోపాన్ని తప్పు అంటాం గానీ వెటకారాన్ని తప్పు అనం, చమత్కారంగా మాట్లాడాడని పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వుతారు కూడా. ఆయనే ఇంకో లెక్క చెప్పాడు, బాగున్న జంటలు గొడవ పడుతున్నప్పుడు కూడా ఒక కటువైన మాటకి ఐదు మంచి మాటలో, నవ్వులో, తల ఊపడమో ఉంటాయట. ఐదుకి ఒకటి. మన ఇంట్లో ఒక్క సాయంత్రం గమనిస్తే ఈ లెక్క ఎటువైపు ఉందో తెలిసిపోతుంది.

ఇంక మందు సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మా ఏరియాలో నడుం నొప్పి అని, చెయ్యి తిమ్మిరి అని వచ్చే ఆడవాళ్ళలో చాలామంది అసలు బాధ ఇదే. ఆయన డాక్టర్ దగ్గరికి రానంటాడు మేడం, నాకేమైనా పిచ్చా అంటాడు మేడం, మేం ఏం చేయాలి అని అడుగుతారు. చుట్టాలు రెండు రకాల సలహాలు చెప్తారు. ఒకటి, వదిలేయమ్మా, నీ పిల్లల్ని నువ్వు చూసుకో, దేవుడి మీద భారం వెయ్యి. రెండోది, బావల్నీ అన్నల్నీ పెద్దమనుషుల్నీ పిలిచి ఒక ఆదివారం కూర్చోబెట్టి నలుగురి ముందు కడిగేయండి, సిగ్గొచ్చి మానేస్తాడు. 1999లో అమెరికాలో న్యూ మెక్సికో యూనివర్సిటీ వాళ్ళు దాదాపుగా ఇట్లాంటి దార్లనే పక్కపక్కన పెట్టి చూశారు. తాగే మనిషి ట్రీట్‌మెంట్‌కి రానంటున్న 130 ఇళ్ళ నుంచి ఒక్కొక్క దగ్గరి మనిషిని తీసుకుని మూడు గుంపులు చేశారు. నీ మనశ్శాంతి నువ్వు చూసుకో, ఆ మనిషిని మార్చడం నీ చేతిలో లేదు అని చెప్పిన గుంపులో 13 శాతం ఇళ్ళల్లో తాగే మనిషి ట్రీట్‌మెంట్‌కి వచ్చాడు. అందరూ కలిసి కూర్చోబెట్టి నిలదీసే పద్ధతి నేర్పిన గుంపులో 30 శాతం. మూడో గుంపులో ఇంట్లో రోజువారీగా ఎట్లా మాట్లాడాలి, ఎప్పుడు మాట్లాడాలి అన్నది ఆ ఇంటి మనిషికే నేర్పించారు, అక్కడ 64 శాతం.

ఆ మూడో పద్ధతి క్రాఫ్ట్ అనే పేరుతో ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. నేర్పించేవి చూస్తే బ్రహ్మవిద్య ఏం కాదు, మా పేషెంట్లకి నాకు తెలిసినంతవరకు ఇట్లా చెప్తుంటాను. తాగి ఉన్నప్పుడు ఏదీ తేల్చుకోవద్దు, ఆ టైంలో మాట్లాడితే గొడవ తప్ప ఏం మిగలదు, అప్పుడు అన్నం పెట్టి పక్కకి వెళ్ళిపోండి. తాగకుండా ఇంటికొచ్చిన రోజు మాత్రం ఊరుకోవద్దు, ఎదురెళ్ళి ఇవాళ నువ్విట్లా వస్తే పిల్లలు నీ దగ్గరికొచ్చి కూర్చున్నారు చూడు, నాకు చాలా బాగుంది అని నోటితో అనండి, మనసులో అనుకుంటే అతనికి వినపడదు. ఆ రోజు అతనికి ఇష్టమైన కూర చేయండి, టీవీలో మ్యాచ్ చూస్తుంటే పక్కన కూర్చోండి. ఇంకొకటి, తాగడం వల్ల వచ్చే కష్టాన్ని మీరు మోయకండి. పొద్దున లేవలేకపోతే ఆఫీసుకి ఫోన్ చేసి జ్వరం సార్ అని అబద్ధం చెప్పేది భార్యే, వాంతి కడిగేది భార్యే, అప్పు తీర్చడానికి పుస్తెలతాడు కుదువబెట్టేది భార్యే, అందుకని ఆయనకి నష్టం ఎక్కడా తగలదు. ఆ ఫోన్ ఆయన్నే చేసుకోనివ్వండి. నిజంగా చెప్పాలంటే ఇది చెప్పినంత సులువు కాదు, ఉద్యోగం పోతుందేమో అన్న భయం ఆమెకే కదా ఉంటుంది, అందుకే ఇది ఒక్కరే చేసే పని కాదు, తెలిసిన కౌన్సెలర్ తోడుగా చేయాలి.

ఇక్కడే ఒక ప్రమాదం కూడా రాయాలి, దయచేసి ఇది తీసేయకండి. రోజూ బాగా తాగే మనిషిని ఇవాళ్టి నుంచి చుక్క ముట్టొద్దు అని రాత్రికి రాత్రి ఒట్టేయించి ఇంట్లో పెట్టి తాళం వేయకండి. అట్లాంటి శరీరానికి ఒక్కసారిగా మందు ఆగితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి ఎక్కడున్నాడో తెలియక లేనివి కనిపిస్తున్నట్టు మాట్లాడటం మొదలైతే ప్రాణం మీదికి కూడా రావచ్చు. దాన్ని దయ్యం పట్టిందని, నాటకాలాడుతున్నాడని అనుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మాన్పించడం డాక్టర్ చూస్తుండగా జరగాలి. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది, అక్కడికి వెళ్తే పిచ్చి ముద్ర పడుతుందని భయపడతారు, ఎర్రగడ్డ పంపిస్తా అని తిట్టు కింద వాడీ వాడీ మనమే ఆ భయం పెంచాం. అక్కడ ఓపీ ఉంటుంది, తాగుడు మాన్పించే డాక్టర్లు ఉంటారు, చూపించుకుని ఇంటికొచ్చేయొచ్చు.

కోపం సంగతి కూడా ఒకటి చెప్తాను, ఇది బాగా జరిగింది కాబట్టి. మోకాళ్ళ నొప్పికి ఒక పెద్దావిడ వచ్చేది, కోడలు హైటెక్ సిటీలో పని, మెట్రోలో హబ్సిగూడ దాకా వచ్చి అక్కడి నుంచి ఆటో, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. చెప్పులు విప్పకముందే హోంవర్క్ ఎందుకు చేయలేదని పిల్లల మీద అరుపులు, అత్తగారు అడ్డం వస్తే ఆమె మీద. ఆ అమ్మాయికి కూడా తన మీద తనకి విసుగొచ్చి ఒక పద్ధతి పెట్టుకుంది, ఇంట్లోకి రాగానే కాళ్ళు కడుక్కుని నేరుగా బాల్కనీలోకెళ్ళి కాసేపు కూర్చుంటాను, తర్వాతే పిల్లలు అని. న్యూయార్క్ యూనివర్సిటీలో పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు 1999లో రాసింది ఇదే, కోపం తగ్గించుకుంటాను అని ఊరికే అనుకునేకన్నా ఫలానా చోటికి వచ్చినప్పుడు ఫలానా పని చేస్తాను అని ముందే ముడివేసుకుంటే జరిగే అవకాశం ఎక్కువ అని. గాట్‌మన్ కూడా కోపంతో గుండె వేగం పెరిగిన మనిషి మామూలు స్థితికి రావడానికి కనీసం 20 నిమిషాలైనా పడుతుందంటాడు. కాబట్టి ఆ అమ్మాయి పెట్టుకున్న పద్ధతి సరైనదే. కానీ మొదటిరోజే అత్తగారు "వచ్చుడుతోనే కూసున్నది మహారాణి, పనంతా ఎవరు చేయాలె" అని వినపడేట్టు అనేసిందట, పెద్దావిడే చెప్పింది నాకు, తప్పుగా అనిపించలేదు ఆమెకి.

నేను ఆమె మోకాలికి బ్యాండు కడుతూ అడిగాను, అమ్మా కోడలు కూర్చున్న రోజు పిల్లల మీద అరిచిందా అని. ఆలోచించి, లేదే, ఆ రోజు అరవలే అంది. అయితే ఆ కూర్చోవడం మీ ఇంటికి మంచిదే కదా అన్నాను, అంతకుమించి ఏం చెప్పలేదు. కొన్నాళ్ళకి వచ్చినప్పుడు ఆవిడే సంతోషంగా చెప్పింది, ఇప్పుడు కోడలు గేటు తీసిన చప్పుడు వినగానే తనే పిల్లల్ని పట్టుకుని అమ్మ బాల్కనీలో ఉంది, చాయ్ తాగి వస్తది, అప్పటిదాకా నా దగ్గర కూసోండ్రి అంటుందట, చాయ్ కూడా తనే పెట్టి ఇస్తుందట. ఆ ఇంట్లో కోపం తగ్గడంలో సగం కష్టం కోడలిది, సగం ఆ పెద్దావిడది. మీ పేజీలో రాస్తే మాత్రం కోడలి గురించే రాస్తారు.

ఫోన్ గురించి అందరూ రాస్తున్నారు కాబట్టి ఒక్క మాటే, పిల్లాడు ఫోన్ కింద పెట్టిన నిమిషంలో తండ్రి తన ఫోన్ తీస్తే ఇంక చెప్పేదేం లేదు, ఇద్దరూ కలిసి ఒకే చోట పెట్టాలి.

ఇంకో సలహా ఈ మధ్య బాగా వినిపిస్తోంది, నెగటివ్ మనుషుల్ని జీవితంలోంచి తీసేయండి అని. రెండు బెడ్రూముల ఇంట్లో ఐదుగురం ఉంటే ఎవరిని ఎక్కడికి తీసేస్తాం చెప్పండి. ఆ గోడ ఎక్సర్‌సైజు చేసిన పెద్దాయన భార్య ఆ సలహా ప్రకారం నెగటివ్ మనిషే, బాల్కనీ కోడలి అత్తగారు నెగటివ్ మనిషే. ఇద్దరికీ కావాల్సింది ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పడం. పైగా మన కుటుంబాలకి ఇది చేతకాని పని కాదు. 1980ల్లో చండీగఢ్‌లో మానసిక జబ్బు ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో ఒక స్టడీ చేశారు, పేషెంటుని సూటిపోటి మాటలనడం లండన్ కుటుంబాలతో పోలిస్తే అక్కడ బాగా తక్కువ కనిపించింది. జబ్బు అని తెలిస్తే మనవాళ్ళు ఓర్చుకుంటారు, సర్దుకుంటారు. కోపాన్నీ తాగుడునీ సోమరితనాన్నీ జబ్బు అనుకోరు, పొగరు అనుకుంటారు, అందుకే ఓర్పు అక్కడ పనిచేయడం లేదని నాకనిపిస్తుంది.

ఒకటి మాత్రం కచ్చితంగా రాయాలి. ఇదంతా చదివి, కొట్టే మొగుడిని కూడా మెచ్చుకుంటూ మంచి మాటలతో మార్చుకోమంటున్నానని ఎవరూ అనుకోవద్దు. చెయ్యి లేచిన ఇంట్లో ముందు చూసుకోవాల్సింది ఆమె ప్రాణం, పిల్లల ప్రాణం, వాడి అలవాటు కాదు. దానికి 2005 గృహహింస చట్టం ఉంది, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు, ఆడవాళ్ళ కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, భరోసా సెంటర్ ఉంది. నువ్వు సరిగ్గా మాట్లాడి ఉంటే కొట్టేవాడు కాదు అని ఆడవాళ్ళకి చెప్పేవాళ్ళు ఇప్పటికే సరిపోయినంతమంది ఉన్నారు, నా ఉత్తరం ఆ పనికి వాడుకోవద్దు.

అలాగే ఇంట్లో మారుతున్న మనిషి విషయం చుట్టాల గ్రూపులో పెట్టకండి. పెళ్ళిలో, బోనాలకి వచ్చినప్పుడు, మావాడు మందు మానేశాడు తెలుసా అని పదిమందిలో అనకండి, అది మీకు పొగడ్త అనిపిస్తుంది గానీ ఆ పదిమందీ ఇంక ప్రతిసారీ వాడి చేతిలో గ్లాసు చూస్తారు. వాడు చెప్పుకోవాలనుకుంటే వాడే చెప్పుకుంటాడు.

మీకు నా విన్నపం ఇది. ఇంక ముందు అలవాట్ల గురించి ఏది వేసినా పక్కన ఇంట్లోవాళ్ళ కోసం కూడా కొంచెం చోటు ఇవ్వండి. సైకాలజిస్టుల చేత, కౌన్సెలర్ల చేత రాయించండి, అత్తగార్లకీ అమ్మలకీ కూడా అర్థమయ్యే మాటల్లో రాయించండి, కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో వేయండి. అక్కడే మనసు బాధల గురించి ఫోన్లో మాట్లాడే టెలిమానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416 కూడా వేయండి, 2022 అక్టోబర్ 10 నుంచి నడుస్తోంది, ప్రభుత్వానిది, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, బాధపడే మనిషే చేయాలని లేదు, ఆ మనిషి కోసం దిగులుపడే ఇంట్లోవాళ్ళు కూడా చేయొచ్చు. సిగరెట్, గుట్కా మానాలనుకునేవాళ్ళకి సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది 1800-11-2356, పెట్టె రోజూ చేతిలో పట్టుకునేవాళ్ళు కూడా ఆ అంకెలు చదివి ఉండరు, అది కూడా వేయండి. మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో ఈ నంబర్లు తెలిసినవాళ్ళు చాలా తక్కువ, మీ పేపర్ మాత్రం వాళ్ళలో దాదాపు అందరూ చదువుతారు.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్ట్,
మల్కాజిగిరి, హైదరాబాద్